కోత అందరికీ ఒకటే, దెబ్బ ఒకటి కాదు: సంక్షేమ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక, సాంఘిక సంక్షేమ శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, బడ్జెట్ తయారీలో పాలుపంచుకునే అధికారులందరికీ,

నమస్కారం.

గే, లెస్బియన్ (తమ లింగం వాళ్లనే ఇష్టపడేవాళ్లు), బైసెక్సువల్ (ఆడ, మగ ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు) అని తెలిశాక ఇంట్లోంచి బయటికి రావాల్సి వచ్చినవాళ్లకు ఫోన్‌లో ధైర్యం చెప్పి, వీలైతే తలదాచుకునే చోటు చూపించే ఒక చిన్న హెల్ప్‌లైన్‌లో నేను వాలంటీర్‌ని. సంక్షేమ ఖర్చులో కోత పడిన ప్రతిసారీ మాకొచ్చే ఫోన్ల తీరు మారిపోతుంది. ‘ఇంట్లో చెప్పాలా వద్దా’ అని అడిగేవాళ్లు తగ్గి, ‘ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలి’ అని అడిగేవాళ్లు పెరుగుతారు. ఈ సంగతి మీ దృష్టికి తేవాలని వినతిపత్రాలు ఇచ్చాం, అపాయింట్‌మెంట్లు అడిగాం. కొన్నింటికి జవాబే లేదు. వచ్చిన జవాబుల్లో ఉన్నది ఒకటే మాట: ‘ఈ తగ్గింపు అందరికీ సమానంగా వర్తిస్తుంది. ఏ వర్గాన్నీ ప్రత్యేకంగా ఉద్దేశించింది కాదు.’

ఎవరి మీదో కక్షతో మీరు కోతలు పెట్టారని మేం అనడం లేదు. సమానంగా పెట్టిన కోత సమానంగా తగలడం లేదని అంటున్నాం. అదెలాగో వినతిపత్రంలో క్లుప్తంగా చెబితే ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, ఇప్పుడు నలుగురూ చదివేలా వివరంగా రాస్తున్నాను.

ఏ ప్రభుత్వమైనా ఒక సాయాన్ని తగ్గించేటప్పుడు పైకి చెప్పని లెక్క ఒకటి వేసుకుంటుంది. ఇంటి అద్దె సాయం ఆగితే కుర్రాడు అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాడు. వృద్ధులకు ఇంటికొచ్చి చేసే సేవలు తగ్గితే కొడుకో కూతురో చూసుకుంటారు. నిరుద్యోగ భృతి ఆలస్యమైతే అన్నయ్యో బాబాయో చేబదులు ఇస్తారు. అంటే ప్రభుత్వం వదిలేసిన బరువును కుటుంబం ఎత్తుకుంటుందన్న నమ్మకం మీద కోతలు నడుస్తాయి. చాలామంది విషయంలో ఆ నమ్మకం ఎంతో కొంత నిజమవుతుంది కూడా. మాకు ఫోన్ చేసేవాళ్ల విషయంలో అది మొదటికే పనికిరాదు. వాళ్లను రోడ్డున పడేసింది ఆ కుటుంబమే.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఇంట్లోంచి గెంటేసిన పిల్లల్ని మళ్లీ ఆ ఇంటికే పొమ్మంటున్నారు.

బ్రిటన్‌లో ఇల్లు లేని ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) యువత కోసం పనిచేసే ఆల్బర్ట్ కెన్నెడీ ట్రస్ట్ 2015లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ దేశంలో నిలువ నీడ లేని యువతలో 24 శాతం వరకు ఎల్‌జీబీటీ వాళ్లే అని అందులో తేలింది. తమ గురించి తల్లిదండ్రులకు చెప్పడమే ఇల్లు పోవడానికి ప్రధాన కారణమని వాళ్లలో 77 శాతం మంది అన్నారు. ఆ నివేదిక వచ్చిన రెండేళ్లకు, 2017 ఏప్రిల్‌లో, అదే దేశంలో 18 నుంచి 21 ఏళ్ల మధ్య వయసువాళ్లు కొత్తగా దరఖాస్తు చేస్తే ఇంటి అద్దె సాయం దానంతటది రావడం ఆగిపోయింది. ఆ వయసు పిల్లలు అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పరిస్థితి ఉన్నవాళ్లకు మినహాయింపు కూడా పెట్టారు. కాగితం మీద పద్ధతిగానే కనిపిస్తుంది. కానీ ఆ మినహాయింపు కావాలంటే పందొమ్మిదేళ్ల కుర్రాడు ముక్కూమొహం తెలియని అధికారి ముందు కూర్చుని, తాను గే అని చెప్పుకుని, అందుకే ఇంట్లో ఉండనివ్వడం లేదని నిరూపించుకోవాలి. కన్నవాళ్లకు చెబితేనే ఇల్లు పోయింది. ఇక ఆఫీసులో చెప్పడానికి ఎంతమందికి నోరొస్తుంది?

మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఫోన్‌లో ఇంకో అమ్మాయి పంపిన మెసేజ్ తండ్రి కంటపడింది. తెల్లారేసరికి బ్యాగ్ గుమ్మం బయట ఉంది. అందులో బట్టలున్నాయి, సర్టిఫికెట్లు లేవు. సాయం కోసం ఒక ఆఫీసుకు వెళితే, ‘మా అమ్మాయిని ఇంట్లో ఉంచుకోలేం’ అని తల్లిదండ్రుల దగ్గర రాయించుకుని రమ్మన్నారు. ఎందుకు పంపేశారో చెప్పమని కౌంటర్ దగ్గర అందరికీ వినిపించేలా అడిగారు. వెనక క్యూలో తెలిసినవాళ్లు ఉన్నారు. ఆ పిల్ల ‘చదువు విషయంలో గొడవ’ అని చెప్పి ఊరుకుంది. చదువు గొడవలు మినహాయింపు కిందికి రావని దరఖాస్తు పక్కన పెట్టేశారు. నిజం చెప్పి ఉంటే సాయం వచ్చేదేమో. ఆ సాయంత్రానికి ఆ నిజం వాళ్ల వీధికి చేరేది కూడా.

బ్రిటన్ 2018లో ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. మంచి పని చేసింది. అయితే ఆ మధ్యకాలంలో నోరు విప్పలేక అసలు దరఖాస్తే పెట్టనివాళ్ల లెక్క ఏ ఫైల్లోనూ దొరకదు. ఇలాంటి నిబంధన గురించి ఎక్కడ ఆలోచిస్తున్నా, ముందు ఈ అనుభవాన్ని చూడమని కోరుతున్నాం.

2. కొత్తవాళ్లతో గది పంచుకోవడం అందరికీ ఒకలాంటి ఇబ్బంది కాదు.

అదే బ్రిటన్‌లో, ప్రైవేటు ఇళ్లలో అద్దెకుండే ఒంటరి మనిషికి 25 ఏళ్లు నిండేవరకు, పంచుకునే ఇంట్లో ఒక్క గదికి సరిపడా సాయమే ఇచ్చేవాళ్లు. 2012 జనవరి నుంచి ఆ వయసును 35కి పెంచారు. అంటే ముప్పై ఏళ్లు దాటినవాళ్లు కూడా తాము ఎంచుకోని మనుషులతో ఒకే వంటగది, ఒకే బాత్రూం వాడుకుంటూ బతకాలి. మామూలు మనిషికి అది చిరాకు. గే కుర్రాడికి అది రోజంతా టెన్షన్. ఫోన్ ఎక్కడ పెట్టాడు, ఎవరి ఫోటో కనిపించింది, స్నేహితుడు వస్తే ఎవరని చెప్పాలి, ఈ లెక్కలన్నీ పడుకునే వరకు నడుస్తూనే ఉంటాయి. ఇంట్లోవాళ్ల దగ్గర దాచుకుని దాచుకుని బయటపడినవాడు, మళ్లీ అపరిచితుల దగ్గర దాచుకోవడం మొదలుపెడతాడు.

యూనిసన్ అనే ఉద్యోగుల సంఘం కోసం నాట్‌సెన్ అనే పరిశోధన సంస్థ 2013లో ఎల్‌జీబీటీ వాళ్ల మీద కోతల ప్రభావం గురించి ఒక అధ్యయనం చేసింది. భయం లేకుండా ఉండగలిగే ఇల్లు దొరకడం కష్టమైపోయిందన్నది అందులో బయటికొచ్చిన ముఖ్యమైన బాధల్లో ఒకటి. ఇల్లంటే నాలుగు గోడలూ పైకప్పూ అని మీ లెక్కలో ఉండొచ్చు. తలుపేసుకుంటే ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేని చోటు ఉంటేనే వీళ్లు ఉద్యోగానికి వెళ్లగలరు, నిద్రపోగలరు.

3. దరఖాస్తులో ‘కుటుంబం’ అన్న గడి.

సంక్షేమం చాలాచోట్ల మనిషికి కాక కుటుంబానికి అందుతుంది. యజమాని పేరు, భార్య లేదా భర్త పేరు, పిల్లలు, యజమానితో బంధుత్వం, ఇవీ ఫారంలో ఉండే గడులు. పదేళ్లుగా కలిసి బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ గడిలో ఏం రాయాలి? ‘స్నేహితురాలు’ అని రాస్తే ఇద్దరూ వేరు వేరు కుటుంబాలు. ఒకరికి జబ్బు చేస్తే రెండోవాళ్లకు సంరక్షకురాలిగా వచ్చే సాయం ఉండదు. ఒకరు పోతే రెండోవాళ్లకు పింఛను ఉండదు.

కొన్ని దేశాలు ఈ విషయంలో ముందుకెళ్లాయి. బ్రిటన్‌లో స్వలింగ జంటలకు పెళ్లి లాంటి గుర్తింపు ఇచ్చే పౌర భాగస్వామ్య చట్టం అమల్లోకి వచ్చిన 2005 డిసెంబరు నుంచి, కలిసి జీవించే స్వలింగ జంటలను కూడా ప్రభుత్వ సాయం దగ్గర జంటగానే లెక్కిస్తున్నారు. ఇద్దరి ఆదాయమూ కలిపి చూస్తారు. అది న్యాయమే, కాదనను. కానీ ఊళ్లో ఎవరికీ చెప్పుకోనివాళ్లు ఆ రోజు నుంచి ప్రభుత్వానికి మాత్రం చెప్పి తీరాలి, చెప్పకపోతే మోసం కింద లెక్క. గోప్యతకు గట్టి హామీ లేనిచోట ఇది ఎంత భయమో అనుభవించేవాళ్లకే తెలుస్తుంది.

భారత్‌లో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరం జాబితా నుంచి తీసేసింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించినా, ఈ జంటల హక్కులను పరిశీలించే కమిటీ వేస్తామని కేంద్రం చెప్పిన మాటను రికార్డు చేసింది. ఆ తర్వాత 2024లో, రేషన్ కార్డు విషయంలో క్వీర్ (ఎల్‌జీబీటీ) జంటను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ కూడా అదే ఏడాది స్పష్టం చేసింది. ఈ రెండు ఉత్తర్వులు చూసి మేం నిజంగా సంతోషించాం. పెద్ద ఖర్చు లేకుండా, ఒక్క లేఖతో ఇంత చేయొచ్చని వాటివల్లే తెలిసింది. అయితే పథకానికే డబ్బు తగ్గించి, కార్డులు ఏరివేసే పని మొదలైతే మొదట ప్రశ్న పడేది ఇలాంటి ‘మామూలుగా కనిపించని’ ఇళ్ల మీదే.

4. ‘గే అంటే డబ్బున్నవాళ్లే కదా’ అన్న అపోహ.

ఒక ఆఫీసులో ఈ మాట మా ముఖం మీదే అన్నారు. సినిమాల్లో, ప్రకటనల్లో కనిపించే సూటూబూటు కుర్రాళ్లను చూసి ఏర్పడిన అభిప్రాయం కావచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ న్యాయ కళాశాలకు చెందిన విలియమ్స్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ప్రచురించిన లెక్కలు వేరే చెబుతున్నాయి. ఎల్‌జీబీటీ వాళ్లలో 21.6 శాతం మంది పేదరికంలో ఉన్నారు, మిగతావాళ్లలో 15.7 శాతం. బైసెక్సువల్ మహిళల్లో ఏకంగా 29.4 శాతం. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. గే పురుషుల్లో పేదరికం ఇతర పురుషుల కన్నా ఎక్కువేమీ లేదు. అందరినీ ఒకే మూటలో కట్టి సగటు తీస్తే, అన్నిటికన్నా కింద ఉన్న బైసెక్సువల్ మహిళ కనిపించకుండా పోతుంది. పెళ్లై పిల్లలున్న బైసెక్సువల్ స్త్రీని ఎవరూ ఈ వర్గంలో లెక్కించరు. కాపురం చెడి, ఆమె బైసెక్సువల్ అన్న కారణం చూపించి భర్త ఖర్చులకు ఇవ్వడం మానేశాకే ఆమె మాకు ఫోన్ చేస్తుంది. ఒంటరి తల్లులకిచ్చే సాయంలో కోత పడితే ఈమెకు అది గోరుచుట్టుపై రోకటిపోటు.

5. కోత పడగానే ముందుగా మూతపడేవి మా కోసం పెట్టిన సేవలే.

లండన్‌లో ఎల్‌జీబీటీ వాళ్ల మానసిక ఆరోగ్యం కోసం 1985లో మొదలైన పేస్ అనే సంస్థ 2016 జనవరిలో మూతపడింది. స్థానిక సంస్థల నుంచి వచ్చే నిధులు తగ్గిపోవడమే ప్రధాన కారణమని చెప్పింది. ముప్పై ఏళ్లలో ఎంతమంది కౌన్సెలర్లు తయారై ఉంటారు, ఎంత అనుభవం పోగై ఉంటుంది! రేపు నిధులు తిరిగి ఇస్తామన్నా అది తిరిగి రాదు.

ఇంగ్లండ్‌లో 2013 నుంచి లైంగిక ఆరోగ్య క్లినిక్‌ల బాధ్యత స్థానిక కౌన్సిళ్లకు అప్పగించారు. 2015లో ఆ కౌన్సిళ్లకిచ్చే ప్రజారోగ్య నిధుల్లో ఆర్థిక సంవత్సరం మధ్యలోనే 20 కోట్ల పౌండ్లు కోసేశారు. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం నడిచే 988 లైన్‌లో, 3 నొక్కితే ఎల్‌జీబీటీ యువతతో మాట్లాడేందుకు ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు పలికే ఏర్పాటు 2022లో వచ్చింది. 2025 జులై 17న దాన్ని ఆపేశారు. ప్రధాన లైన్ ఉంది కదా అన్నారు. ఉంది. కానీ ఫోన్ ఎత్తినవాళ్లు తనను అసహ్యించుకుంటారేమో అన్న అనుమానం ఉన్న పిల్లాడు ఆ నంబరు కలపడు. ఎన్నోసార్లు మా లైన్‌లో మొదటి కొన్ని నిమిషాలు మౌనమే వినిపిస్తుంది. తర్వాత వచ్చే మొదటి ప్రశ్న: ‘మీకు ఇలాంటివాళ్లంటే పర్లేదా?’

విదేశీ సాయం విషయానికొస్తే, అమెరికా 2003లో మొదలుపెట్టిన పెప్‌ఫార్ కార్యక్రమం ఎన్నో దేశాల్లో హెచ్‌ఐవీ రోగులను బతికించింది. 2025 జనవరిలో విదేశీ సాయాన్ని స్తంభింపజేసి, తర్వాత కొన్నిటికి మినహాయింపులిచ్చారు. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మందును ఆ మినహాయింపులో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే పరిమితం చేశారు. తల్లులకు ఇవ్వడం అవసరమే. కానీ హెచ్‌ఐవీ ముప్పు బాగా ఎక్కువగా ఉన్న గే, బైసెక్సువల్ పురుషులను జాబితాలోంచి తీసేయడం ఏ వైద్య శాస్త్రం ఒప్పుకుంటుంది?

6. వయసు మీదపడిన ఒంటరివాళ్లు.

బ్రిటన్‌లో ఎల్‌జీబీటీ హక్కుల కోసం పనిచేసే స్టోన్‌వాల్ సంస్థ 2011లో 55 ఏళ్లు దాటినవాళ్ల మీద సర్వే చేయించింది. గే, లెస్బియన్, బైసెక్సువల్ వాళ్లలో 41 శాతం మంది ఒంటరిగా ఉంటున్నారు, ఇతరుల్లో 28 శాతం. పిల్లలున్నవాళ్లు కూడా చాలా తక్కువ. ఇంటికొచ్చి స్నానం చేయించే, మందులిచ్చే సేవల్లో కోత పడితే వీళ్లకు ప్రత్యామ్నాయం వృద్ధాశ్రమమే. అక్కడ డెబ్భై ఏళ్ల మనిషి భాగస్వామి ఫోటోను మంచం పక్కనుంచి తీసి పెట్టెలో దాచుకుంటాడు. యవ్వనమంతా పోరాడి సంపాదించుకున్నది ముసలితనంలో దాచిపెట్టుకోవడం కన్నా అవమానం ఏముంటుంది?

7. లెక్కే లేదు కాబట్టి నష్టమూ లేదంటున్నారు.

కోతకు ముందు ఎవరి మీద ఎంత ప్రభావం పడుతుందో అంచనా వేయడం చాలా దేశాల్లో పద్ధతి. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం కింద అది ప్రభుత్వ సంస్థల బాధ్యత, అందులో లైంగిక అభిరుచి (ఎవరి పట్ల ఆకర్షణ కలుగుతుందన్నది) కూడా ఒక అంశం. అయినా అక్కడి సంక్షేమ శాఖ అంచనాల్లో ఆ శీర్షిక కింద తరచూ కనిపించింది ఏమిటంటే, లబ్ధిదారుల లైంగిక అభిరుచి వివరాలు తమ దగ్గర లేవు అని. అంతటితో ఆ పేజీ అయిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో ఈ ప్రశ్నను మొదటిసారి అడిగింది 2021లో. పదహారేళ్లు దాటినవాళ్లలో 3.2 శాతం, అంటే సుమారు 15 లక్షల మంది, తాము గే, లెస్బియన్, బైసెక్సువల్ లేదా అలాంటి ఇతర అభిరుచి ఉన్నవాళ్లమని చెప్పారు. మరో 7.5 శాతం మంది ఆ ప్రశ్నకు జవాబే ఇవ్వలేదు. ప్రపంచంలో అత్యధిక దేశాలు ఇప్పటికీ ఆ ప్రశ్న అడగనే లేదు.

డబ్బు లేదంటారు. తెలుసు. కానీ ఇల్లు లేని కుర్రాడి ఖర్చు అద్దె సాయం ఆపినంత మాత్రాన ఆగదు. అది ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు పద్దులోకి, పోలీస్ స్టేషన్ పద్దులోకి మారుతుంది. అప్పుడు ఆ అంకె మీ శాఖ పుస్తకంలో ఉండదు, అంతే తేడా.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

అ) 25 ఏళ్లలోపు వాళ్ల ఇంటి సాయాన్ని తగ్గించే ఏ ప్రతిపాదన అయినా, ఇంటి నుంచి వెళ్లగొట్టినవాళ్లకు పూర్తి రక్షణ లేకుండా అమలు చేయకూడదు. తల్లిదండ్రుల నుంచి లేఖ తెమ్మనే షరతు ఎక్కడున్నా వెంటనే తీసేయాలి. కౌన్సెలర్ లేదా సామాజిక కార్యకర్త ధ్రువీకరణ సరిపోవాలి. అందులో కారణం రాయనక్కర్లేదు, ‘ఇంటికి పంపడం క్షేమం కాదు’ అన్న ఒక్క వాక్యం చాలు.

ఆ) ఇలాంటి వివరాలు అడిగే ప్రతి ఆఫీసులో నలుగురి ముందు కాకుండా విడిగా మాట్లాడే గది ఉండాలి. ఒక ఆఫీసులో ఒక గుమస్తా మా కుర్రాణ్ణి చూసి తనంతట తానే లేచి పక్క గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఆమె చేసిన పనిని నియమంగా మార్చండి. చెప్పిన వివరాలు బయటికి పొక్కితే శిక్ష ఉండాలి.

ఇ) దరఖాస్తుల్లో భార్య, భర్త గడి పక్కన ‘భాగస్వామి’ అన్న గడి చేర్చాలి. జంటగా లెక్కించి సాయం తగ్గించే చోట, జంటగా లెక్కించి హక్కులు కూడా ఇవ్వాలి.

ఈ) ప్రత్యేక హెల్ప్‌లైన్లు, షెల్టర్లు, క్లినిక్‌లకు ఇచ్చే గ్రాంట్లు ఏడాదికోసారి అడుక్కునే తీరుగా కాక కనీసం మూడేళ్లకు ఖరారు కావాలి. సంవత్సరం మధ్యలో కోత పెట్టకూడదు.

ఉ) ఇష్టమున్నవాళ్లే, పేరు లేకుండా జవాబిచ్చే సర్వేల ద్వారా లెక్కలు సేకరించాలి. వివరాలు లేవన్న కారణంతో ప్రభావ అంచనాను ఖాళీగా వదిలేయడం ఆపాలి. లెక్కలు లేనిచోట ఈ రంగంలో పనిచేసేవాళ్లను పిలిచి అడగండి, వస్తాం.

ఊ) వృద్ధుల సంరక్షణ సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ తప్పనిసరి చేయాలి.

వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యేలోపు ఈ ఆరు అంశాల మీద ఏది ఒప్పుకుంటున్నారో, ఏది కాదంటున్నారో, ఎందుకు కాదంటున్నారో రాతపూర్వకంగా జవాబివ్వండి. ‘అందరికీ సమానంగా వర్తిస్తుంది’ అన్న జవాబు మాకు ఇదివరకే అందింది, దాన్ని మళ్లీ పంపొద్దు.

గౌరవంతో,
ఒక హెల్ప్‌లైన్ వాలంటీర్